అర లీటరు, ఇరవై అంగుళాలు, అయిదు సెకన్లు

మా ఇంట్లో 1974 నాటి విదేశీ కారు ఒకటి ఉంది. గేర్లు తనంతట తనే మార్చుకునే రకం. పోయిన వేసవిలో పలాస నుంచి టెక్కలి వెళ్తుంటే మొరాయించింది. మామూలుగా గంటకు పాతిక కిలోమీటర్ల దగ్గర పడే రెండో గేరు 45 దాటినా పడలేదు. పడ్డప్పుడు వెనక సీట్లో ఉన్న మా అత్తయ్య ముందు సీటు పట్టుకోవాల్సినంత కుదుపు వచ్చింది. దారిలో ఒక షెడ్డులో చూపిస్తే, "గేరుబాక్సు పోయినట్టుందండి, దింపేయాల" అన్నారు. దింపితే మళ్లీ ఎక్కించేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. విశాఖ తీసుకెళ్లాలి, అది రెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఖర్చు లక్ష పైమాటే.

చివరికి తేలింది ఏమిటంటే, జానెడు పొడవున్న రబ్బరు గొట్టం ఎండి చీలింది. ఎనభై రూపాయల గొట్టం.

షెడ్డు మనిషిని తప్పుపట్టను. లక్షణం చూస్తే ఎవరికైనా గేర్‌బాక్సు పోయిందనే అనిపిస్తుంది. ఆయన కొలవలేదు, అంతే. ఆ తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ పాత ఆటోమేటిక్ పెట్టెలకు కంప్యూటరు లేదు, తప్పు సంఖ్య చూపే తెర లేదు. అయినా తమ లోపల ఏం జరుగుతోందో బయటికి అంకెల్లో చెబుతూనే ఉంటాయి. ఆ అంకెల్లో చాలావరకు పైసా ఖర్చు లేకుండా తీసుకోవచ్చు. పెట్టె విప్పడం అన్నిటికన్నా చివర చేయాల్సిన పని.

ముందు ఈ పెట్టె పుట్టుక గురించి రెండు మాటలు. పెద్ద ఎత్తున అమ్ముడైన తొలి పూర్తి ఆటోమేటిక్ జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్. 1939లో ప్రకటించారు, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. అదనపు ధర 57 డాలర్లు. దానికి నాలుగు గేర్లు. 1950లో షెవ్రొలే రెండే గేర్లున్న పవర్‌గ్లైడ్ తెచ్చింది. 1956లో క్రైస్లర్ మూడు గేర్ల టార్క్‌ఫ్లైట్ తెచ్చింది. రోల్స్ రాయిస్ అంతటి సంస్థ కూడా 1950లలో సొంతంగా కొత్తది తయారుచేసుకోకుండా హైడ్రామాటిక్‌నే లైసెన్సు మీద వాడుకుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో చూసే నిజాం గారి 1912 రోల్స్ రాయిస్ వీటన్నిటికన్నా పాతది. అందులో గేర్లు మార్చేది మనిషి చెయ్యే. మన దేశంలో తయారైన అంబాసిడర్లు, పద్మినీలు కూడా చేత్తో గేరు మార్చే బళ్లే. అందుకే మన షెడ్లలో ఎంత చెయ్యి తిరిగిన మెకానిక్‌కైనా పాత ఆటోమేటిక్ అలవాటైన సరుకు కాదు. అలాంటప్పుడు బండి యజమానికి అంకెలు తెలిసి ఉండటం మరింత అవసరం.

మొదటి అంకె అర లీటరు. గేర్‌బాక్సు ఆయిల్ కొలిచే పుల్ల, అంటే డిప్‌స్టిక్ మీద కింది గీతకూ పై గీతకూ మధ్య దూరం చాలా బళ్లలో సుమారు అర లీటరే. ఇంజను ఆయిల్‌కు ఒక లీటరు అలవాటైన చేత్తో ఇక్కడా లీటరు పోస్తే లోపల తిరిగే గేర్లు ఆయిల్‌ను మజ్జిగలా చిలికి నురుగు చేస్తాయి. నురుగులో గాలి ఉంటుంది, గాలి నొక్కితే కుదించుకుపోతుంది, దాంతో ఆయిల్ ఒత్తిడితో బిగిసే లోపలి క్లచ్చులకు పట్టు ఉండదు. ఆయిల్ తక్కువైనా పంపు గాలినే పీలుస్తుంది. అంటే ఎక్కువైనా తక్కువైనా రోగం ఒకటే, గేరు జారడం. బండి పొద్దున్నే రెండు మూడు సెకన్లు ఆగి కదులుతోందంటే, మలుపులో ఒక్క క్షణం పట్టు వదిలేస్తోందంటే మొదట చూడాల్సింది ఈ గీతలే.

చూసే పద్ధతిలోనూ లెక్క ఉంది. చాలా బళ్లలో ఇంజను నడుస్తుండగా, ఆయిల్ వేడెక్కాక, సమతలం మీద చూడాలి. ఎందుకంటే ఆయిల్ వేడికి పొంగుతుంది. ఒక్కో డిగ్రీకి దాదాపు పదివేలలో ఎనిమిది వంతులు. ఎనిమిది లీటర్లు పట్టే పెట్టె 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వస్తే 50 డిగ్రీల తేడా, అంటే నూటికి నాలుగు వంతులు, అంటే లీటరులో దాదాపు మూడో వంతు. రెండు గీతల మధ్య ఉన్నదే అర లీటరు. కాబట్టి చల్లటి బండిలో చూసి "తక్కువుంది" అని నింపినవాడు వేడెక్కాక ఎక్కువ చేసినట్టే. ఇంకో చిక్కు: కొన్ని కంపెనీలు పార్క్‌లో పెట్టి చూడమంటాయి, క్రైస్లర్ న్యూట్రల్‌లో పెట్టి చూడమంటుంది. మీ బండి పుస్తకం ఏం చెబితే అది.

పుల్లకు అంటిన ఆయిల్‌ను తెల్లటి గుడ్డ మీద తుడిచి చూడండి. ఎరుపు బాగానే ఉన్నట్టు. గోధుమ రంగులోకి మారి మాడు వాసన వస్తే క్లచ్ పొరలు కాలుతున్నట్టు. గులాబీ రంగు పాలలా ఉంటే నీళ్లు కలిశాయి. దాని సంగతి ముందుకెళ్లాక చెప్తాను, మన తీరానికి అది ముఖ్యం.

ఆ ఎర్ర ఆయిల్‌కూ సముద్రానికీ ఒక పాత బంధం ఉంది. 1970ల తొలినాళ్ల దాకా అమెరికన్ ఆటోమేటిక్ ఆయిళ్లలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్ పొరలు కుదుపు లేకుండా మెత్తగా పట్టుకోవడానికి అది పనికొచ్చేది. ఆ జాతిని కాపాడే చట్టాలు రావడంతో దాన్ని మానేసి ప్రయోగశాలలో తయారైన ద్రవ్యాలకు మారారు. అయితే 1967లో మొదలైన జనరల్ మోటార్స్ వారి డెక్స్‌రాన్ రకాలు, ఫోర్డ్ వారి టైప్ ఎఫ్ రకం ఒకటి కావు. టైప్ ఎఫ్‌లో ఆ మెత్తదనం ఇచ్చే ద్రవ్యం ఉండదు, గట్టిగా, త్వరగా పట్టుకుంటుంది. టైప్ ఎఫ్ కోరే పెట్టెలో డెక్స్‌రాన్ పోస్తే గేరు పడేటప్పుడు జారుతుంది. డెక్స్‌రాన్ కోరే పెట్టెలో టైప్ ఎఫ్ పోస్తే దభీమని పడుతుంది. డబ్బా మీద "ఆటోమేటిక్ ఆయిల్" అని ఉంటే సరిపోదు.

ఇక వేడి. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా పెద్ద శత్రువు ఇదే. గేర్‌బాక్సు మెకానిక్కులు చాలాకాలంగా వాడే ఒక మోటు లెక్క ఉంది: ఆయిల్ వేడి పదకొండు డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుంది. 80 డిగ్రీల దగ్గర 1,60,000 కిలోమీటర్లు పనిచేసే ఆయిల్, 91 దగ్గర 80,000. 102 దగ్గర 40,000. 113 దగ్గర 20,000. 124 దగ్గర 10,000 కిలోమీటర్లకే చచ్చుబడుతుంది. 115 దాటితే జిగురు పొరలు కట్టడం, 127 ప్రాంతంలో రబ్బరు సీళ్లు గట్టిపడటం, 146 దాటితే క్లచ్ ప్లేట్లు జారడం మొదలవుతాయి. ఇవి ప్రయోగశాల అంకెలంత ఖచ్చితం కాకపోయినా, దిశ మాత్రం సరైనదే.

ఆ వేడి ఎక్కడిది? ఇంజనుకూ గేర్లకూ మధ్య పాత ఆటోమేటిక్‌లో ఇనుప బంధం లేదు. టార్క్ కన్వర్టర్ అనే డొల్లలో ఒక చక్రం ఆయిల్‌ను విసురుతుంది, ఎదురుగా ఉన్న చక్రం ఆ తాకిడికి తిరుగుతుంది. రెండూ ఎప్పుడూ సమానంగా తిరగవు. దారిలో నిలకడగా పోతున్నప్పుడు కూడా నూటికి 5 నుంచి 10 వంతులు జారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగానికి 10 కిలోవాట్ల శక్తి కావాలనుకుంటే, అందులో ఒక కిలోవాట్ దాకా ఆయిల్‌ను కాచడానికే పోతుంది. స్నానానికి బకెట్లో వేసే హీటర్ రాడ్డు ఒకటి బండి నడిచినంతసేపూ ఆయిల్లో ఉన్నట్టు లెక్క. ఈ వేడిని దించేది రేడియేటర్ అడుగున ఉండే చిన్న కూలర్ గొట్టం. రేడియేటర్లో ఏళ్లతరబడి బోరు నీళ్లు పోసి పెచ్చులు కట్టించుకుంటే ఇంజను కన్నా ముందు బాధపడేది గేర్‌బాక్సు. ఉద్దానంలో మే నెల ఉక్కలో, రైలు గేటు దగ్గర బ్రేకు తొక్కి, గేరు డ్రైవ్‌లోనే ఉంచి పది నిమిషాలు నిలబడే అలవాటు మానుకోవాలి. న్యూట్రల్‌లో పెడితే చాలు. మందస వైపు నుంచి 1,501 మీటర్ల మహేంద్రగిరి దిక్కు కొండదారులు ఎక్కేవాళ్లు గేరును కింది స్థానంలో బిగించి ఎక్కాలి. మూడుకూ రెండుకూ మధ్య పదేపదే ఊగిసలాడితే ప్రతి మార్పుకూ క్లచ్ కొంత కాలుతుంది.

రెండో అంకె ఇరవై అంగుళాలు. మా బండిని ఆపిన గొట్టం సంగతి ఇదే. ఇంజను ఎంత బరువు లాగుతోందో గేర్‌బాక్సుకు తెలియాలి. కొన్ని బళ్లలో ఆ కబురు యాక్సిలరేటర్ నుంచి వెళ్లే కేబుల్ చెబుతుంది, కొన్నిటిలో ఇంజను పీల్పు చెబుతుంది. ఆ పీల్పును వాక్యూమ్ గేజీతో కొలిస్తే, ఐడిల్‌లో ఆరోగ్యమైన పెట్రోలు ఇంజనుకు పాదరసం 17 నుంచి 21 అంగుళాలు చూపించాలి. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 300 మీటర్లకూ ఒక అంగుళం తగ్గుతుంది. 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాదులో దాదాపు రెండంగుళాలు తక్కువ చూపినా ఫరవాలేదు. మన పలాసకు, వజ్రపుకొత్తూరుకు ఆ సాకు లేదు. సముద్రం పక్కనున్నాం, పూర్తి అంకె రావాలి.

నేను ఇంజను దగ్గర కొలిస్తే 19 వచ్చింది. గొట్టానికి అవతలి చివర, గేర్‌బాక్సు దగ్గర కొలిస్తే 6. మధ్యలో 13 అంగుళాలు ఎక్కడో కారిపోతున్నాయి. పీల్పు తక్కువైతే "ఇంజను కొండెక్కుతోంది" అని గేర్‌బాక్సు నమ్ముతుంది. ఆయిల్ ఒత్తిడి పెంచుతుంది, గేరు ఆలస్యంగా, మొరటుగా వేస్తుంది. పాపం, దానికి అందిన కబురు ప్రకారం అది సరిగ్గానే పనిచేసింది. ఇదే గొట్టం చివర పీల్పు కబురు అందుకునే మాడ్యులేటర్‌లో పలచటి పొర చిరిగితే ఇంకో వింత జరుగుతుంది. కింద చుక్క కారకుండానే ఆయిల్ తగ్గిపోతుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది. ఇంజనే ఆయిల్‌ను పీల్చి కాలుస్తోందన్నమాట. గొట్టం మాడ్యులేటర్ నుంచి ఊడదీసి చూడండి. లోపల ఎర్ర తడి ఉంటే అనుమానం తీరినట్టే.

జారుడు కొలవడానికి జాతీయ రహదారి 16 పక్కనున్న కిలోమీటరు రాళ్లే చాలు. రాయికీ రాయికీ మధ్య సరిగ్గా 60 సెకన్లు పట్టేలా నడిపితే వేగం గంటకు 60. స్పీడోమీటరును నమ్మనక్కరలేదు. ఇప్పుడు లెక్క చూడండి. నిమిషానికి 1,000 మీటర్లు. టైరు ఒక్క చుట్టుకు 2 మీటర్లు అయితే నిమిషానికి 500 చుట్లు. వెనక ఇరుసు నిష్పత్తి 3.5 అయితే, పై గేరులో ఇంజను 1,750 చుట్లు తిరగాలి. మామూలు జారుడు కలిపితే 1,840 నుంచి 1,925 మధ్య. ఇంజను చుట్లు కొలిచే మీటరు 2,300 చూపిస్తే రెండే కారణాలు: పై గేరు పడనే లేదు, లేదా పడి జారుతోంది. మీ టైరు, మీ ఇరుసు అంకెలు వేసుకుని మీ బండికి ఒక్కసారి లెక్కగట్టి రాసిపెట్టుకోండి. బండి బాగున్నప్పుడు రాసుకున్న అంకెకు ఉన్న విలువ చెడ్డాక తీసిన అంకెకు ఉండదు.

అయిదు సెకన్లు మూడో అంకె. స్టాల్ పరీక్ష అంటారు. చక్రాలకు ముందూ వెనకా చెక్కదిమ్మెలు పెట్టి, బండి ముందర మనుషుల్ని తప్పించి, చేతి బ్రేకూ కాలి బ్రేకూ రెండూ బిగించి, డ్రైవ్‌లో పెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు. బండి కదలదు, ఇంజను ఒక చోట ఆగి అంతకు మించి పెరగదు. ఆ అంకె పుస్తకంలోని అంకెతో సరిపోవాలి. పుస్తకం 2,000 అన్నచోట 2,500 వస్తే క్లచ్చో, లోపలి డ్రమ్మును చుట్టి పట్టుకునే పట్టీ, అంటే బ్యాండో జారుతోంది. వెంటనే కాలు తీయాలి. తక్కువ వస్తే ముందు ఇంజనునే అనుమానించాలి: ప్లగ్గులు, టైమింగ్, కార్బురేటర్. ఇంజను బాగున్నా మూడు వందల దాకా తక్కువ చూపి, బండి కదిలేటప్పుడు నీరసంగా ఉండి, రహదారి మీద మామూలుగా పోతుంటే కన్వర్టర్ లోపల స్టేటర్ అనే మధ్య చక్రం ఒకవైపు బిగిసే గుణం పోగొట్టుకుంది.

అయిదు సెకన్లే ఎందుకు? 2,000 చుట్ల దగ్గర ఇంజను 200 న్యూటన్ మీటర్ల బలం ఇస్తే అది 42 కిలోవాట్లు. బండి కదలడం లేదు కాబట్టి ఆ శక్తంతా ఆయిల్లోకే పోతుంది. ఇందాక ఒక హీటర్ రాడ్డు అన్నాం, ఇప్పుడు నలభై రెండు. ఎనిమిది లీటర్ల ఆయిల్ ఏడు కిలోలు. దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 14 కిలోజౌళ్లు కావాలి. అంటే సెకనుకు మూడు డిగ్రీలు. కన్వర్టర్‌లో ఉన్న సగం ఆయిలే ముందు వేడెక్కుతుంది కనుక అక్కడ సెకనుకు ఆరు. అయిదు సెకన్లలో 30 డిగ్రీలు. 80 దగ్గర మొదలైతే 110కి చేరతాం. ఇరవై సెకన్లు తొక్కినవాడు 200కు చేరతాడు. పరీక్ష అయ్యాక న్యూట్రల్‌లో రెండు మూడు నిమిషాలు ఇంజను తిరగనివ్వాలి. బ్రేకులు అనుమానంగా ఉన్న బండికి ఈ పరీక్షే వద్దు.

ఇక్కడికి వచ్చేసరికి పెట్టె విప్పకుండానే లోపల ఏది పోయిందో కూడా చెప్పొచ్చు. టార్క్‌ఫ్లైట్‌నే తీసుకుందాం. మొదటి గేరు నిష్పత్తి 2.45, రెండోది 1.45, మూడోది 1.00, రివర్స్ 2.20. ఇన్నిటినీ నడిపేవి రెండు క్లచ్చులు, రెండు బ్యాండ్లు, ఒకవైపే తిరగనిచ్చే క్లచ్ ఒకటి. వెనక క్లచ్ ముందుకు పోయే ప్రతి గేరులోనూ పనిచేస్తుంది. ముందు క్లచ్ మూడులోనూ రివర్స్‌లోనూ పనిచేస్తుంది. కాబట్టి ఒకటీ రెండూ బాగుండి మూడులోనూ రివర్స్‌లోనూ జారితే దొంగ ముందు క్లచ్. రివర్స్ బాగుండి ముందుకు ఏ గేరులోనూ లాగకపోతే వెనక క్లచ్. రెండో గేరు ఒక్కటే జారితే కిక్‌డౌన్ బ్యాండ్. డ్రైవ్‌లో మొదటి గేరు జారి, లీవరును ఒకటిలో పెడితే పట్టుకుంటే ఆ ఒకవైపు క్లచ్ అరిగింది. నాకు ఈ తర్కం ఎంతో ఇష్టం. ఊళ్లో ఏ వీధికి కరెంటు పోయిందో చూసి ఏ ట్రాన్స్‌ఫార్మర్ పాడైందో చెప్పే లైన్‌మన్ చేసేదీ ఇదే.

బ్యాండ్ అయితే కొన్నిసార్లు బిగించడంతోనే తీరిపోతుంది. పెద్ద టార్క్‌ఫ్లైట్‌లో కిక్‌డౌన్ బ్యాండ్ మరను 72 అంగుళం పౌండ్లకు, అంటే 8 న్యూటన్ మీటర్లకు బిగించి, సంవత్సరాన్ని బట్టి రెండు లేదా రెండున్నర చుట్లు వెనక్కి తిప్పాలి. ఆ మర బయటే ఉంటుంది. తర్వాతి మెట్టు ఒత్తిడి కొలవడం. పెట్టె పక్కన చిన్న ప్లగ్గు తీసి గేజీ బిగిస్తే, ఈ రకంలో ముందు గేర్లకు చదరపు అంగుళానికి 55 నుంచి 95 పౌండ్లు, రివర్స్‌కు 230 పైన చూపిస్తుంది. టైరు గేజీ దీనికి సరిపోదు, 300 దాకా చూపేది కావాలి. అన్ని గేర్లలోనూ ఒత్తిడి తక్కువైతే పంపో ఫిల్టరో. ఒక్క గేరులోనే తక్కువైతే ఆ దారిలో సీలు పోయింది. ఒత్తిడి బాగుండీ జారుతుంటే అప్పుడు మాత్రమే పెట్టె దించండి, క్లచ్ పొరలు అరిగాయి.

ఇక ఇందాక చెప్తానన్న నీళ్ల సంగతి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన ఆ రోజుల్లో బళ్ల గురించి ఆలోచించిన వాళ్లు తక్కువే, ఆలోచించకపోవడం న్యాయమే. కానీ తుపానులు మన తీరానికి వస్తూనే ఉంటాయి కనుక తెలిసి ఉండాలి. గేర్‌బాక్సుకు గాలి పీల్చుకునే రంధ్రం ఒకటి పైన ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా వస్తే లోపలికి దిగుతాయి. క్లచ్ ప్లేట్ల మీద పొర కాగితం లాంటి పదార్థం. నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఇనుముకు అంటించిన జిగురు వదిలేస్తుంది. మునిగిన బండిని "ఒక్కసారి స్టార్టు చేసి చూద్దాం" అనుకోకండి. ముందు డిప్‌స్టిక్ చూడండి. పాలలా ఉంటే ఆయిల్ మొత్తం దించాల్సిందే. తుపాను లేకపోయినా రేడియేటర్ లోపలి కూలర్ గొట్టానికి చిల్లు పడితే ఇదే జరుగుతుంది. బయట కూలర్‌కు వెళ్లే ఇనుప గొట్టాలకు మన ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. ఏడాదికోసారి గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడటం ఖర్చు లేని పని.

ఆయిల్ దించడంలోనూ లెక్కుంది. అడుగు పళ్లెం విప్పితే చాలా పెట్టెల్లో సగమే దిగుతుంది, మిగతా సగం కన్వర్టర్‌లో ఉండిపోతుంది. ఒకసారి మార్చితే సగం కొత్తది. మధ్యలో కాస్త నడిపి రెండోసారి మార్చితే నూటికి 75, మూడోసారి 87.5. కన్వర్టర్‌కు కూడా ప్లగ్గు ఉన్న బండైతే ఈ తిప్పలు లేవు. పళ్లెం అడుగున మెత్తటి బూడిద రంగు పొడి మామూలే. మెరిసే ఇనుప ముక్కలు, ఇత్తడి రజను కనిపిస్తే కాదు.

బండి ఆగిపోతే మనవాళ్లు అడిగే మొదటి మాట, "తోసేద్దాం బావా". చాలా ఆటోమేటిక్‌లు తోస్తే స్టార్టు కావు. పెట్టెలోని పంపును తిప్పేది ఇంజను. ఇంజను తిరగకపోతే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేకపోతే క్లచ్ పట్టదు. 1965 దాకా వచ్చిన టార్క్‌ఫ్లైట్‌లలో చక్రాల వైపు రెండో పంపు ఉండేది, వాటిని తోసి స్టార్టు చేయగలిగేవారు. తర్వాత దాన్ని తీసేశారు. తాడు కట్టి లాగడమూ ఇలాంటిదే. పంపు తిరగదు, చక్రాలు మాత్రం లోపలి గేర్లను పొడిగా తిప్పుతాయి. పలాస నుంచి విశాఖ దాకా అలా లాగిస్తే, బాగున్న పెట్టె కూడా అక్కడికి చేరేసరికి పాడవుతుంది. లారీ మీద ఎక్కించండి. కుదరకపోతే వెనక ఇరుసు దగ్గర ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు తీసి, షాఫ్టును పక్కకు కట్టి లాగించండి.

రోడ్డు పరీక్షకు ముందు కాగితాలు కూడా చూసుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలు వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము రూ.20,000, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి రూ.5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. అలా నమోదైన బండిని రోజువారీ పనులకు, వ్యాపారానికి నడపకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు కోసం, మరమ్మతు కోసం రోడ్డెక్కించవచ్చు.

మా బండి డ్యాష్‌బోర్డులో ఇప్పుడు చిన్న నోటుపుస్తకం ఉంటుంది. గొట్టం మార్చిన మర్నాడు పొద్దున్నే మళ్లీ టెక్కలి దారి పట్టాం. రెండో గేరు 26 దగ్గర పడింది, అత్తయ్యకు తెలియనే లేదు. రాయికీ రాయికీ మధ్య 60 సెకన్లు పట్టేలా నడిపి చూస్తే ఇంజను 1,880 చూపించింది. తేదీతో సహా రాసుకున్నాను.